ఏటవతలి ఉత్తరాలు

మొదటి రోజు, బుధవారం

వర్జీనియాలో మా అబ్బాయి ఇంటి నుంచి పొద్దున్నే బయల్దేరాను. విల్మింగ్టన్ రైలుకి ఇంకా మూడు గంటల టైముంది కదా అని వాషింగ్టన్‌లో డూపాంట్ సర్కిల్ దగ్గర మెట్రో దిగాను. సింహాచలం మెట్లు గుర్తొచ్చేంత పొడుగు ఎస్కలేటర్. ఇది దానంతటదే ఎక్కిస్తుంది కాబట్టి పుణ్యం మాత్రం రాదు. పైకొస్తే కూడలి మధ్యలో పాలరాతి ఫౌంటెన్. దాని నడిమి స్తంభం చుట్టూ మూడు బొమ్మలు: సముద్రం, నక్షత్రాలు, గాలి. ఓడ నడపడానికి కావలసినవి. లింకన్ విగ్రహం చెక్కిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచే ఇదీ చేశాడు. 1921 నాటిది.

మెట్ల మీద కూర్చుని చదరంగం ఆడుకుంటున్న ఒకాయన్ని, డూపాంట్ అంటే ఎవరని అడిగాను. ‘నాన్‌స్టిక్ పెనాల కంపెనీ’ అన్నాడు. ఆ కంపెనీ వాళ్ల మనిషే, కానీ పెనాల మనిషి కాదు. శామ్యూల్ ఫ్రాన్సిస్ డూపాంట్, అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్. 1884లో ఇక్కడ ఆయన కంచు విగ్రహమే ఉండేది. 1920లో దాన్ని ఎత్తి విల్మింగ్టన్ తీసుకుపోయారు. నేనూ అక్కడికే పోతున్నాను, విగ్రహం కోసం కాదు, ఆయన ఉత్తరాల కోసం.

ముప్పై నాలుగేళ్లు ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే సార్టర్‌గా చేశాను. రాత్రిపూట కదిలే రైల్లో, విజయవాడకీ విశాఖపట్నానికీ మధ్య, ఎన్ని లక్షల ఉత్తరాలు చేతుల్లోంచి పోయాయో లెక్కలేదు. ఒక్కటీ చదవలేదు. చదవకూడదు కూడా. రిటైరయ్యాక ఇతరుల ఉత్తరాలు చదివే యోగం పట్టింది. అదీ దర్జాగా, బల్ల ముందు కుర్చీ వేసి మరీ చదవనిస్తారట.

బాల్టిమోర్ దాటాక సస్క్వెహానా నది మీది వంతెన వచ్చింది. గోదావరి చూసిన కళ్లకి కొంచెం చిన్నదే అయినా కిటికీ దగ్గర్నుంచి లేవబుద్ధి కాలేదు. స్టేషన్‌కి మా మేనకోడలు వచ్చింది. ఇక్కడో బ్యాంకులో పనిచేస్తుంది. ‘మావయ్యా, ఈ ఊళ్లో మనవాళ్లు అడుగడుక్కీ ఉంటారు, తెలుగులో ఎవర్నీ తిట్టకు’ అని ముందే హెచ్చరించింది.

రెండో రోజు, గురువారం

హాగ్లీ. ఒకప్పుడు మందుగుండు తయారుచేసిన చోటు, ఇప్పుడు మ్యూజియం, లైబ్రరీ. పక్కనే పారే ఏటి పేరు బ్రాండీవైన్. పేరులో రెండు మత్తులున్నాయి గానీ పారేది ఒట్టి నీళ్లే. ఆ నీటి జోరుతోనే మిల్లులు తిరిగేవి.

ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎల్యూథేర్ ఇరేనే డూపాంట్ 1802లో ఇక్కడ పని మొదలుపెట్టాడు. 1921 దాకా మందు తయారైంది. మిల్లు కట్టిన తీరు చూడగానే అర్థమైపోతుంది. మూడు వైపులా మనిషి దాక్కునేంత మందం రాతిగోడలు, నాలుగోవైపు, అంటే ఏటి వైపు, తేలికపాటి చెక్క. పైన అలాంటిదే కప్పు. పేలితే పేలుడంతా ఏటి మీదికి పోవాలి, పక్క మిల్లుకి తగలకూడదు. లోపలున్న కూలీ కూడా ఆ ఏటి మీదికే పోతాడు. అందుకే ఇక్కడి పనివాళ్ల భాషలో ‘ఏరు దాటాడు’ అంటే చచ్చిపోయాడని. జోళ్లకి ఇనుప మేకులుండకూడదు, చెక్క మేకులే. నిప్పురవ్వ లేస్తుందని భయం. ఇంత జాగ్రత్తలోనూ నూటఇరవై ఏళ్లలో రెండువందల మంది పైచిలుకు ఏరు దాటారు. 1818 మార్చి 19న ఒక్కరోజే ముప్పై నలుగురు. ఆ పేలుడుకి యజమాని భార్యకీ గాయాలయ్యాయి. అప్పటికి వాళ్ల చిన్నకూతురు సోఫీకి ఏడేళ్లు.

గైడు మూడు గిన్నెల్లో మూడు పొడులు చూపించాడు. సూరేకారం, గంధకం, బొగ్గు. పాళ్లు ఇంచుమించు ముప్పావు వంతు సూరేకారం, మిగతా పావులో బొగ్గు కాస్త ఎక్కువ, గంధకం కాస్త తక్కువ. నాకు నవ్వొచ్చింది. దీపావళికి పది రోజుల ముందు మా తాతయ్య అరుగు మీద కూర్చుని చేసిందీ ఇదే. ఆయన జిల్లేడు బొగ్గు తప్ప వాడేవాడు కాదు. వీళ్లు విల్లో చెట్టు బొగ్గు తప్ప వాడేవాళ్లు కాదట. బొగ్గు ఎంత తేలికైతే మందు అంత చురుకు. మేనకోడలు నా చెవిలో, ‘తాతయ్యకి వీసా వచ్చుంటే ఇక్కడ ఫోర్‌మన్ అయ్యేవాడు’ అంది.

సూరేకారం గిన్నె దగ్గర ఇంకాసేపు నిలబడ్డాను. అది ఇక్కడి మట్టిలోది కాదు. ఆ రోజుల్లో ప్రపంచంలో మంచి సూరేకారమంటే బీహారుది. నూనియాలనే కులంవాళ్లు పాత గోడల కింద మట్టీ, పశువుల కొట్టాల మట్టీ గీకి, నీళ్లలో కలిపి, కాచి తీసేవాళ్లు. కలకత్తాలో ఓడెక్కి ఇంగ్లండు మీదుగా ఇంత దూరం వచ్చేది. 1861 నవంబరులో, అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన అంతర్యుద్ధం మొదటి ఏడాది, సోఫీ అన్న కొడుకు లామోట్ డూపాంట్ ప్రభుత్వం తరఫున గుట్టుగా ఇంగ్లండు వెళ్లి, దొరికిన సూరేకారమంతా కొనేశాడు. సరుకు ఓడలకెక్కుతుండగా కబురొచ్చింది: విల్క్స్ అనే అమెరికన్ కెప్టెన్ నవంబరు 8న ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడనాపి, అందులోని ఇద్దరు దక్షిణాది దూతల్ని పట్టుకుపోయాడని. బ్రిటిష్ ప్రభుత్వం మండిపడి ఎగుమతి ఆపేసింది. దూతల్ని వదిలాకే సరుకూ కదిలింది. రెండు దేశాలు ఎదురుబొదురు నిలబడితే మధ్యలో బీహారు గొడ్లసావిడి మట్టి ఇరుక్కుంది.

ఏటి ఇవతల పుట్టిల్లు, ఎలూథేరియన్ మిల్స్, 1803లో కట్టిన ఇల్లు. ఏటవతల ఒడ్డున లూవియర్స్, సోఫీ మెట్టినిల్లు. ఇప్పుడు చెట్ల చాటున పడింది. ఆకులన్నీ పసుపూ కుంకుమా రంగుల్లో ఉన్నాయి. పుట్టింటి గుమ్మంలో నిలబడి చూస్తే మెట్టినిల్లు ఎంత దగ్గరో! మధ్యలో ఉన్నది మాత్రం కూలీలు చావుకి పర్యాయపదంగా వాడుకున్న ఏరు.

భోజనాల దగ్గర వరసలు చెప్పబోయి ఇరుక్కున్నాను. ఇరేనేకి అన్న విక్టర్. విక్టర్ కొడుకు ఫ్రాన్సిస్, మన అడ్మిరల్. ఇరేనే కూతురు సోఫీ. 1833 జూన్‌లో పెళ్లి. మేనకోడలు చెంచా కింద పెట్టింది. ‘పెదనాన్న కొడుకునా? ఛీ, అన్నయ్య కదా మావయ్యా!’ మన లెక్కలో అన్నయ్యే. వాళ్ల లెక్కలో కజిన్. వాళ్లకి పెదనాన్న కొడుకూ మేనమామ కొడుకూ ఒకే మాట. ఒక్క మాటతో ఎన్ని చిక్కులు తప్పాయో.

మూడో రోజు, శుక్రవారం

లైబ్రరీ చదువుల గది. సంచి, కోటు, పెన్ను బయట పెట్టేశాను. లోపలికి పెన్సిలూ తెల్లకాగితాలే. వీళ్ల పద్ధతి నాకు నచ్చింది. మెయిల్ వ్యాన్‌లోకి వెళ్లేముందు మా జేబులూ ఇలాగే తడిమేవాళ్లు.

అట్టపెట్టె వచ్చింది. లోపల ఫోల్డర్లు, వాటిలో ఉత్తరాలు. మొదటిదాన్ని చదవకుండానే కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాను, పాత అలవాటు. కవరు లేదు. ఒకే పెద్ద కాగితం, మూడు పుటలు రాసి, నాలుగో పుట బయటికి వచ్చేలా మడిచి, అంచులు లోపలికి దోపి, లక్క వేశారు. లక్క ఊడిపోయిన చోట కాగితం గుండ్రంగా చిరిగింది. విప్పినవాళ్ల తొందర అక్కడ కనిపిస్తుంది. కవరెందుకు లేదంటే పిసినారితనం కాదు. 1845 దాకా అమెరికా టపా ఖర్చు బరువుని బట్టి కాదు, కాగితాల లెక్కని బట్టీ దూరాన్ని బట్టీ. కవరు పెడితే అదీ ఒక కాగితమే. ఆ తరవాత అర ఔన్సు లెక్క వచ్చింది. అయినా చేతికి పట్టిన అలవాటు ఎక్కడికి పోతుంది? కాగితం నిండాక పక్కకి తిప్పి, రాసిన అక్షరాల మీదే అడ్డంగా రాయడం ఆ కాలంలో మామూలు. చూస్తే వెదురు తడికలా ఉంటుంది. ఒక వరస కంటికి అలవాటయ్యాక రెండోది దానంతటదే వెనక్కి తప్పుకుంటుంది. సిరా గోధుమరంగుకి తిరిగింది.

చేతిరాత సంగతి ఎత్తకపోవడమే మంచిది. మొదటి గంటలో చదివింది నాలుగు వాక్యాలు. అడ్రసులు చదవడంలో నన్ను మించినవాడు మా సెక్షన్‌లో లేడని పేరు. ఆ పేరు ఇక్కడ పోయింది. యుద్ధకాలపు ఉత్తరాల్ని జాన్ డి. హేస్ సంపాదకత్వంలో 1969లో మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. అవి బీరువాలోనే ఉన్నాయి. సిగ్గు విడిచి తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను.

డూపాంట్ పన్నెండేళ్ల వయసులో, 1815లో, నౌకాదళంలో చేరాడు. భార్యకి సముద్రం మీంచి రాసే పద్ధతి ఇదీ: రోజూ కొంత రాస్తాడు, డైరీలాగా. ఏదో ఓడ ఇంటి వైపు పోతుందంటే అంతవరకూ రాసింది మడిచి ఇచ్చేస్తాడు. ఒక్కోదానికీ నంబరు. పదమూడు రాకుండా పద్నాలుగు రావచ్చు, అసలు పదమూడు ఎప్పటికీ రాకపోవచ్చు. నంబరుంటే ఏది తప్పిపోయిందో ఆవిడకి తెలుస్తుంది. 1846లో సయేన్ అనే ఓడ కెప్టెన్‌గా శాన్‌డియేగో పట్టుకున్నప్పుడూ ఇలాగే రాశాడు. 1857లో మినెసోటా ఓడ మీద చైనాకి రాయబారిని తీసుకెళ్లినప్పుడూ అంతే. ఆ ప్రయాణంలో జపాన్, మన దేశం, అరేబియా చూసుకుని 1859లో బోస్టన్ చేరాడు.

నంబర్లు చూడగానే మా బాబాయి గుర్తొచ్చాడు. విశాఖపట్నం నేవీలో పనిచేసేవాడు. మల్కాపురంలో పిన్నికి ఇన్‌లాండ్ లెటర్లు వచ్చేవి, కింద మూల చిన్న గుండ్రంలో నంబరు, చిరునామా ఎప్పుడూ ఒకటే, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీసు. మనిషి ఏ సముద్రంలో ఉన్నాడో ఎవరికీ తెలియకూడదు. పిన్ని వాటిని వంటింటి తలుపు వెనక వంకర తీగకి వరసగా గుచ్చేది. ‘మీ బాబాయి ఇంట్లో ఉంటే మాట్లాడడురా. సముద్రం మీదికి పోతేనే నాతో మాట్లాడతాడు’ అనేది.

సోఫీకి వెన్ను జబ్బు. పెళ్లయిన కొన్నేళ్లకే మొదలై, చాలాకాలం మంచానికీ సోఫాకీ పరిమితం చేసింది. పిల్లలు లేరు. లూవియర్స్ కిటికీ దగ్గర పడుకుని, ఏటవతల తమ్ముడు హెన్రీ నడిపే మిల్లుల చప్పుడు వింటూ, మొగుడి ఉత్తరాలకి జవాబులు రాసేది. మొగుడి ఫిరంగుల్లో తమ్ముడి మందు, తమ్ముడి మందులో మేనల్లుడు తెచ్చిన సూరేకారం. యుద్ధంలో ఉత్తరాది వాడిన మందులో పెద్ద వాటా ఈ ఏటి ఒడ్డుదే.

మధ్యాహ్నం అసలు ఉత్తరాల దగ్గరికి వచ్చాను. 1861 నవంబరు 7, సౌత్ కరొలైనాలో పోర్ట్ రాయల్. ట్రెంట్ ఓడ గొడవకి సరిగ్గా ముందురోజు. వాబాష్ ఓడ ముందు, మిగతావి వెనక, రెండు కోటల మధ్య కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతూ కాల్చారు. కదిలే ఓడకి గురిపెట్టడం కోటలోవాళ్లకి కష్టం. మధ్యాహ్నానికి కోటలు ఖాళీ. దక్షిణాది పక్షాన అక్కడి సేనాని థామస్ డ్రేటన్. కాలుస్తున్న ఓడల్లో ఒకటైన పోకహాంటస్ కెప్టెన్ పెర్సివల్ డ్రేటన్. సొంత అన్నదమ్ములు. కురుక్షేత్రం మనకి కొత్తకాదు కాబట్టి దీని మీద ఎక్కువ చెప్పను.

గెలిచిన మనిషిని ఉత్తరాల్లో కదిలించింది మాత్రం వేరే. ఆ దీవుల్లో పత్తి తోటల యజమానులు పారిపోయి, బానిసలు మిగిలారు. అంతదాకా డూపాంట్ బానిసత్వాన్ని పెద్దగా తప్పుపట్టినవాడు కాదు, విదేశాల్లో వెనకేసుకొచ్చినవాడే. ఆ గుడిసెలూ, ఆ బట్టలూ కళ్లారా చూశాక, ఇన్నాళ్లూ తాను వాదించింది ఎంత తప్పో ఒప్పుకుంటూ తెలిసినవాళ్లకి రాశాడు. కొంచెం ఆలస్యంగా వచ్చిన బుద్ధే, కానీ దాన్ని కాగితం మీద పెట్టాడు. 1862 మే 13 తెల్లవారుజామున రాబర్ట్ స్మాల్స్ అనే బానిస, ప్లాంటర్ అనే స్టీమర్‌ని ఛార్ల్స్‌టన్ రేవు కోటల కళ్లముందే నడుపుకుంటూ, కుటుంబంతో సహా బయటికి తెచ్చి అప్పగిస్తే, అతని తెలివిని మెచ్చుకుంటూ వాషింగ్టన్‌కి రిపోర్టు పంపింది ఈయనే.

ఇక 1863 ఏప్రిల్ 7. ఛార్ల్స్‌టన్. ఇనుప ఓడలు తొమ్మిది. వాటిలో ఏడు మానిటర్లు, అంటే నీటికి జానెడు పైన తేలే ఇనుప తెప్ప, దాని మీద తిరిగే డబ్బా, డబ్బాలో రెండు పెద్ద ఫిరంగులు. దెబ్బ తట్టుకుంటాయి, కానీ ఒకసారి పేల్చి మళ్లీ నింపేలోగా నిమిషాలు గడిచిపోతాయి. కోటల నుంచి ఇంచుమించు 2200 గుండ్లు పడితే ఇటునుంచి పోయినవి నూటఅరవై లోపే. కియోకక్ అనే ఓడకి తొంభై దాకా దెబ్బలు తగిలి మర్నాడు పొద్దున మునిగిపోయింది. రాత్రి కెప్టెన్లు ఒక్కొక్కరే వచ్చి తమ ఓడకి ఏమైందో చెప్పారు. మర్నాడు మళ్లీ పోదామనుకున్న అడ్మిరల్ మానుకున్నాడు. ఇప్పటికిది ఓటమే, మళ్లీ పోతే సర్వనాశనం అని ఆయన వాదన. వాషింగ్టన్‌కి అది రుచించలేదు. పత్రికలు ఆయన మీద విరుచుకుపడ్డాయి. జూలైలో ఆయన్ని తప్పించి డాల్‌గ్రెన్‌ని వేశారు. తరవాత ఆ రేవుని ఆయనా ఓడలతో పట్టుకోలేకపోయాడు, అది వేరే సంగతి.

నాకు ముఖ్యమనిపించింది ఇదీ. ఈ ఇనుప ఓడలతో ఛార్ల్స్‌టన్ పడదని దాడికి ముందే డూపాంట్‌కి అనుమానం. ఆ అనుమానమంతా సోఫీకి రాశాడు. ఓడిన మర్నాడు కూడా, తాననుకున్నట్టే అయిందని ఆవిడకే రాశాడు. నౌకాదళ మంత్రి వెల్స్‌కి మాత్రం ‘ఇది జరగదు, నా వల్ల కాదు’ అని తెగేసి చెప్పలేదు. ఇంకొన్ని ఓడలు కావాలన్నాడు, మరమ్మతులన్నాడు. ఇంట్లో చెప్పినంత గట్టిగా ఆఫీసులో చెప్పలేదు.

ఆ పేజీ దగ్గర పెన్సిలు పక్కన పెట్టేశాను. ఒకసారి మా సెక్షన్‌లో పనివేళలు మార్చారు. ఉన్న మనుషులతో అది నడవదని నాకు తెలుసు. ఇంట్లో పదిహేను రోజులు అరిచాను. మీటింగులో పైఅధికారి అడిగితే, ‘చూద్దాం సార్, ఇంకో ఇద్దరు మనుషులుంటే బావుంటుంది’ అన్నాను. అది నడవలేదు, మెమో నాకే వచ్చింది. ‘మీకు ఇంట్లోనే నోరు’ అంది మా ఆవిడ. నూటఅరవై ఏళ్ల కిందటి రియర్ అడ్మిరల్‌కీ అదే మాట సరిపోతుందని తెలిస్తే ఆవిడ పొంగిపోతుంది. రాత్రి ఫోన్‌లో చెప్పాను. పొంగిపోయింది.

నాలుగో రోజు, శనివారం

లైబ్రరీ సెలవు. రాక్‌ఫర్డ్ పార్కుకి వెళ్లాం. పచ్చికలో వాషింగ్టన్ నుంచి వచ్చిన కంచు అడ్మిరల్ నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల కుక్కల్ని తిప్పుకునేవాళ్లు తప్ప ఎవరూ లేరు. ఒక చిన్నపిల్లాడు పీఠమెక్కబోతే వాళ్లమ్మ లాగేసింది. బాగానే చేశారు విగ్రహం, నిటారుగా. ఉత్తరాల్లోని మనిషి మాత్రం నాకు అందులో కనిపించలేదు. ఆ మనిషి కాస్త వంగి రాస్తూ ఉంటాడు. సాయంత్రం ఎవరింట్లోనో దీపావళి ముందస్తు విందు. ఆదివారం అజీర్తి.

ఆరో రోజు, సోమవారం

మళ్లీ లైబ్రరీ. ఈసారి సోఫీ పెట్టెలు.

పెళ్లికి ముందు ఈ పిల్ల ఇంట్లోవాళ్ల మీద వెక్కిరింపు బొమ్మలు వేసేది. అక్కలు, తమ్ముడు, బంధువులు, తనూ, ఎవర్నీ వదల్లేదు. వాటికి ‘క్యారిక్స్’ అని ముద్దుపేరు. గీత సన్నం, చేతులు వానపాముల్లా పొడుగు, మొహాలు మాత్రం ఇట్టే పట్టుబడతాయి. మంచం పట్టిన మనిషి ఒకప్పుడు ఇలా గీసేదని తెలిశాక, డూపాంట్ ఆవిడకి అన్నేసి పేజీలు ఎందుకు రాశాడో అర్థమైంది. చూసే కన్నున్న మనిషికి చూసింది చెప్పాలనిపిస్తుంది.

పదవి పోయి ఇంటికి వచ్చిన డూపాంట్ రెండేళ్లకే, 1865 జూన్ 23న ఫిలడెల్ఫియాలో పోయాడు. సోఫీ ఇంకో ఇరవైరెండేళ్ల పైనే బతికింది. ఏంచేసిందంటే, కాగితాలు సర్దింది. 1883లో ఆయన అధికారిక రిపోర్టుల్ని ఈ ఊళ్లోనే అచ్చు వేయించింది, మెక్సికో యుద్ధానివీ, అంతర్యుద్ధానివీ కలిపి. 1885లో సయేన్ ఓడ మీంచి తనకి రాసినవాటి నుంచి కొన్ని ఏరి అచ్చు వేయించింది. అందులో ఏవి వదిలేసిందో చూడాలని నాకు సరదా. తన మొగుడు ఇంట్లో అన్న మాటలు ఎవరి ముందు పెట్టాలో ఎవరి ముందు పెట్టకూడదో ఆవిడకి తెలుసు. మిగతావి కట్టలు కట్టి ఉంచింది, కాల్చలేదు. తరవాత వాటిని హెన్రీ కొడుకు హెన్రీ ఆల్జెర్నన్ చేరదీసి, 1926లో పెదనాన్న జీవితచరిత్ర రాశాడు. పెదనాన్న అనాలా, మేనత్త మొగుడు మావయ్య అనాలా? ఈ ఇంట్లో వరస వేయడం నా వల్ల కాదు.

నాలుగున్నరకి పెట్టెలు తిరిగి ఇచ్చేశాను. ఫోల్డరులో కాగితాలు తెచ్చిన వరసలోనే ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ పొద్దున, పిన్నికి వీడియో కాల్ చేశాను. ఎనభై దాటింది. బాబాయి పోయి పదేళ్లు పైనే. ఆయన ఉత్తరాల తీగ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో వంటింటి కప్పుతో పాటు పోయింది. ఇన్‌లాండ్ కాగితం తడిస్తే మరి ఉండదు, నీలం నీళ్లే మిగులుతాయి. సోఫీ కథంతా విని పిన్ని అడిగింది:

‘ఆవిడకి పిల్లలు లేరంటన్నావు. మరెవరు దాచారు?’

‘తమ్ముడి కొడుకు.’

కాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘నా దగ్గరొకటుందిరా’ అంది. ‘రేషన్ కార్డు కవర్లో ఉండిపోయింది. నంబరు ఇరవై రెండు.’

‘అయితే వచ్చాక చదువుతాను పిన్నీ.’

‘చదువుగానీ, కోపం తెచ్చుకోకు. అందులో సగం నీ గురించే.’

బాబాయి నన్ను ఎదురుగా ఒక్కమాట అన్నవాడు కాదు.